నిద్రలోనూ గుండె వింటోంది.. విమానాల మోతతో బీపీ, హార్ట్ ఎటాక్ ముప్పు!

అర్ధరాత్రి. గాఢ నిద్ర. ఇంటి మీదుగా ఓ విమానం వెళ్లింది. మెలకువ రాలేదు, పొద్దున లేచాక ఆ సంగతే గుర్తుండదు. కానీ ఆ కాసేపట్లో బీపీ మాత్రం పెరిగే ఉంటుంది. ఇది ఊహ కాదు.. యూరప్‌లో నాలుగు పెద్ద ఎయిర్‌పోర్టుల దగ్గర ఉండే 140 మందికి రాత్రంతా బీపీ మిషన్ కట్టి, పడకగదిలో శబ్దాన్ని రికార్డు చేసి తేల్చిన విషయం. 2008లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం విమానం మోత వినపడినప్పుడు బీపీలో పై అంకె సగటున 6 పాయింట్లు పెరిగింది. శబ్దం 35 డెసిబెల్స్ దాటితే చాలు, నిద్రలో ఉన్నా సరే! పక్కన పడుకున్నవాళ్ల గురక కూడా ఇలాగే బీపీని పెంచిందట.. అది వేరే కథ.

ఒక్క రాత్రి సంగతి సరే, ఏళ్ల తరబడి ఇదే మోత వింటే? 2025 జనవరిలో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు దీనికి జవాబు వెతికారు. హీత్రో, గాట్విక్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ ఎయిర్‌పోర్టుల చుట్టుపక్కల ఉండే 3,635 మంది గుండె ఎంఆర్ఐ స్కాన్లను పరిశీలించారు. విమానాల రొద ఎక్కువగా ఉన్న చోట నివసించే వారి గుండె కండరం మందంగా, బిగుసుకుపోయినట్టు కనిపించింది. గుండె ఆకృతి, పనితీరు మిగతావారి కంటే 10 నుంచి 20 శాతం వరకు దెబ్బతిన్నాయి. కండరం బిగుసుకుపోతే గుండె సరిగ్గా సాగదు, రక్తాన్ని పంప్ చేయడానికి ఎక్కువ కష్టపడాలి. ఇలాంటి మార్పులున్న వారికి గుండెపోటు, స్ట్రోక్ లాంటి ముప్పు నాలుగు రెట్ల వరకు ఉండొచ్చని అంచనా వేశారు.

చెవికి, గుండెకు లింకేంటి?

చెవికి రెప్పలుండవు. మనం పడుకున్నా మెదడు వింటూనే ఉంటుంది. పెద్ద శబ్దం రాగానే ‘ఏదో ప్రమాదం’ అనుకుని అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లను వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. పులి ఎదురైతే పారిపోవడానికి పనికొచ్చే ఏర్పాటు ఇది. రాత్రికి ముప్పై నలభై సార్లు జరిగితే మాత్రం ఒంటికి చేటే.

జర్మనీలోని మైంజ్ డాక్టర్లు 2013లో దీన్ని నేరుగా పరీక్షించి చూశారు. 75 మంది ఆరోగ్యవంతులకు రాత్రిపూట రికార్డు చేసిన విమానాల చప్పుడు వినిపించారు.. ఒక రాత్రి 30 సార్లు, ఇంకో రాత్రి 60 సార్లు. మోత పెరిగే కొద్దీ రక్తనాళాల లోపలి పొర పనితీరు తగ్గింది. గుండె జబ్బులు మొదలయ్యేది ఆ పొర దగ్గరే!

అన్నిటికంటే గట్టిగా ఆలోచింపజేసేది స్విట్జర్లాండ్ పరిశోధన. జ్యూరిక్ ఎయిర్‌పోర్ట్ పరిసరాల్లో 2000 నుంచి 2015 వరకు గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయిన దాదాపు 25 వేల మంది వివరాలు తీశారు. చనిపోవడానికి ముందు రెండు గంటల్లో అక్కడ విమానాల మోత ఎంత ఉందో లెక్కగట్టారు. రాత్రిపూట 40 నుంచి 50 డెసిబెల్స్ మోత ఉన్నప్పుడు మరణం ముప్పు 33 శాతం, 55 దాటితే 44 శాతం ఎక్కువగా కనిపించింది. జ్యూరిక్‌లో రాత్రి 11.30 నుంచి ఉదయం 6 వరకు ఫ్లైట్లు ఆపేస్తారు. అయినా ఈ పరిస్థితి!

అలాగని ఎయిర్‌పోర్ట్ దగ్గర ఉన్నవారందరికీ గుండె జబ్బు వస్తుందని కాదు. లండన్ స్టడీ సంబంధం చూపించింది కానీ, మోతే కారణమని నిరూపించలేదు. ఇళ్ల లోపల శబ్దాన్నీ కొలవలేదు. బరువు, సిగరెట్, షుగర్ లాంటివాటి వాటా ఉండనే ఉంది. కానీ వేర్వేరు దేశాల్లో, వేర్వేరు పద్ధతుల్లో చేసిన పరిశోధనలన్నీ ఒకే వైపు వేలు చూపిస్తుంటే కొట్టిపారేయడం కష్టమే.

ఎంత వరకు ఓకే?

విమానాల మోత రోజు మొత్తం సగటున 45, రాత్రివేళ 40 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. డెసిబెల్ లెక్క కాస్త తికమకగా ఉంటుంది. 10 పెరిగితే శబ్ద శక్తి పది రెట్లు పెరిగినట్టు, చెవికి దాదాపు రెట్టింపు మోత అనిపిస్తుంది. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. ట్రాఫిక్, హారన్లు, డీజేల మధ్య అది ఎంతవరకు అమలవుతోందో అందరికీ తెలిసిందే.

హైదరాబాదీలకు ఈ మోత కొత్తేం కాదు. 2008 మార్చి వరకు ఫ్లైట్లన్నీ నగరం నడిబొడ్డున ఉన్న బేగంపేటలోనే దిగేవి. ఆ నెల 23న శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల కాలనీలు ఊపిరి పీల్చుకున్నాయి. ఇప్పుడు శంషాబాద్ వైపు ప్లాట్ల ప్రకటనల్లో ‘ఎయిర్‌పోర్ట్‌కు దగ్గర’ అన్నదే పెద్ద ప్లస్ పాయింట్. ఫ్లైట్లు ఏ వైపు నుంచి దిగుతాయో మాత్రం ఆ బ్రోచర్లలో ఉండదు. కొనేవాళ్లు ఒక రాత్రి అక్కడ గడిపి చూస్తే తెలుస్తుంది.