చక్కెర ముసుగు దొంగ!

ఎండాకాలం పలమనేరులో చెరకు రసం బండి కనపడితే పిల్లలు ఆగుతారా! అందులో వేసే ఐసు కలుషితమైన నీళ్లతో చేసిందైతే టైఫాయిడ్ రావచ్చు. ఆ క్రిమి ఒంటినిండా చక్కెర అణువుల ముసుగు వేసుకుంటుంది. ఆ చక్కెరనే టీకాగా ఇస్తే పెద్దల్లోని రోగనిరోధక వ్యవస్థ దొంగని పోల్చుకుంటుంది. రెండేళ్లలోపు పిల్లల్లో ఆ శక్తి అంతగా ఉండదు. మరెలా? శాస్త్రవేత్తలు చక్కెరకు ధనుర్వాతం టీకాలోని ప్రొటీన్‌ని ముడేశారు. దాన్ని చూసి అప్రమత్తమైన పసి ఒళ్లు పక్కనున్న చక్కెరనీ గుర్తుపెట్టుకుంటుంది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తయారుచేసిన ఇలాంటి టీకాకు 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు దక్కింది. ఆర్నెల్లు నిండిన బిడ్డకూ ఒక్క డోసు వేయించొచ్చు. అలాగని కాచి చల్లార్చిన నీళ్లు తాగడం మాత్రం మానొద్దు!