భాగహారమున మిగులు దశాంశము నేమి చేయవలయును?

భాగహారము చేయుట కష్టము గాదు. చేసిన పిమ్మట దశాంశ బిందువునకు కుడివైపున నిలుచు అంకెల నేమి చేయవలయునో నిర్ణయించుటయే కష్టము. అర్ధమునకు తక్కువైనచో విడువుమనియు, అర్ధమో అంతకు మించియో యైనచో ఒకటి కలుపుమనియు బడిలో నేర్పుదురు. ఈ నియమము సేద్యపు లెక్కలయందు అన్నివేళల నొప్పదని తెలుపుటకు మూడు లెక్కలను చూపుచున్నాము.

మొదటిది ధాన్యము. 1,000 కిలోల ధాన్యమును 75 కిలోల బస్తాల కెత్తవలెననుకొందము. 1,000ని 75చే భాగింపగా 13.33 వచ్చును. గోనెసంచులెన్ని కావలయునన్నచో 14. ఏలయన మిగిలిన 25 కిలోలను నేల పోయలేము. నిండు బస్తాలెన్ని యన్నచో 13 మాత్రమే. లెక్క యొకటే; ప్రశ్నను బట్టి జవాబు మారినది.

రెండవది ఎరువు. ఎకరమునకు 48 కిలోల నత్రజనిని యూరియాగా వేయవలసియున్నదనుకొందము. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు, అనగా కిలోకు 0.46 కిలో. 48ని 0.46చే భాగింపవలయును. రెంటిని నూరింతలు చేసి 4,800ని 46చే భాగించినచో 104.35 కిలోలు వచ్చును. 0.46 ఇంచుమించు అర్ధము గనుక ఫలము 48కి రెట్టింపును కొంచెము మించవలయును. 10.43 అని వచ్చినచో బిందువు తప్పుచోట పడినదని వెంటనే గ్రహింపవచ్చును.

యూరియా బస్తా 45 కిలోలు. కావున ఎకరమునకు 2.32 బస్తాలు. ఐదెకరముల రైతు దీనిని మూడని సవరించుకొన్నచో 15 బస్తాలు కొనును. రెండని సవరించుకొన్నచో 10 కొనును. సవరింపక ఐదెకరములకును కలిపి లెక్కించినచో 521.74 కిలోలు, 45చే భాగింపగా 11.59, అనగా 12 బస్తాలు. మొదటి విధమున మూడు బస్తాల సొమ్ము వృథా. రెండవ విధమున పైరునకు సుమారు 72 కిలోలు తక్కువ. కావున సవరింపు లెక్క చివర ఒక్కసారియే చేయవలయును. మరియు 12 బస్తాలు 540 కిలోలగును. కొంటిమి గదా యని అంతయు చల్లరాదు. మిగులు 18 కిలోలను నిలువ యుంచవలయును.

మూడవది సొమ్ము. ఏడుగురు రైతులు లారీ కిరాయి 2,500 రూపాయలను సమముగా భరింపవలెననుకొందము. భాగింపగా తలకు 357.14 రూపాయలు. 25 పైసలును అంతకు తక్కువయు నగు నాణెములు 2011 జూన్ నెలాఖరున రద్దైనవి గనుక 14 పైసలను చేతికీయలేము. తలకు 357 చొప్పున వసూలు చేసినచో 2,499 మాత్రమే యగును. 358 చొప్పునయైనచో 2,506. ఆ లోటు రూపాయ నెవరు భరింతురో, లేక హెచ్చు ఆరు రూపాయలు ఏ పద్దున జమ పడునో లారీ కదలక మునుపే నిశ్చయించి వ్రాసికొనుట మేలు. చిల్లరకై పుట్టిన తగవు చిల్లరతో తీరదు.

సభ్యులు ఈ మూడు లెక్కలను తమ పొలమునకును తమ బస్తాలకును అన్వయించి, ఇంటనున్న పిల్లలచేతను చేయించి చూడగోరుచున్నాము.