ఎవరు చెప్పిరి, ఎచ్చట చెప్పిరి?

అమెరికా కళాశాలలో తొలి సంవత్సరము చదువు విద్యార్థి వ్యాసము వ్రాయబూనినపుడు, విషయమేదో నిశ్చయించుకొనుటకు ముందే, కాగితమునకు నాలుగు ప్రక్కల ఒక్కొక్క అంగుళము విడువవలెననియు, పంక్తికిని పంక్తికిని నడుమ మరొక పంక్తి పట్టునంత చోటుంచవలెననియు, ప్రతి పుట శిరోభాగమున తన యింటిపేరును పుటసంఖ్యను వేయవలెననియు ఆజ్ఞలు వినవలసియుండును. టైపు యంత్రము రాజ్యమేలిన కాలమున ఆ ఖాళీ చోటులు ఆచార్యుని కలపు దిద్దుబాటులకు ఉపకరించెడివి. నేడు దిద్దుబాటులు తెర మీదనే జరుగుచున్నను ఆచారము చెక్కుచెదరలేదు. ఈ భాగమును గూర్చి ఇంతకంటె విచారింపవలసినది లేదు. చెప్పినట్లు చేసి ముందునకు సాగుటయే మేలు.

అసలు చిక్కంతయు ఆకరములను చూపుటలో నున్నది. పరుల గ్రంథమునుండి గ్రహించిన భావమును తన మాటలలో మార్చి చెప్పినను సరే, అది యెవరిదో తెలుపవలెను, తెలుపనిచో గ్రంథచౌర్యమగును. ఇంతవరకు ఎల్లరును ఏకాభిప్రాయులే. ఆ తెలుపుటలో మాత్రము ఒక్కొక్క శాస్త్రము ఒక్కొక్క త్రోవ త్రొక్కినది. సాహిత్యమువారి ఎం.ఎల్.ఎ. పద్ధతిలో వాక్యాంతమున కుండలీకరణములలో రచయిత పేరును పుటసంఖ్యయు నుండును. మనస్తత్త్వ శాస్త్రజ్ఞుల ఎ.పి.ఎ. పద్ధతిలో పేరు ప్రక్కన ప్రచురణ సంవత్సరము వచ్చి చేరును. చరిత్రకారులకు ప్రీతిపాత్రమైన షికాగో పద్ధతిలో వాక్యము చివర చిన్న అంకె యొకటి వేసి, వివరమంతయు పుట యడుగున ఇత్తురు. ఉదయమొక పద్ధతిని సాయంకాలము మరొక పద్ధతిని పాటింపవలసిన విద్యార్థికి ఇది వట్టి చాదస్తమని తోచుట సహజమే కాని, ఈ భేదములు నిర్హేతుకములు కావు: ఏ శాస్త్రము దేనిని చూచి మాటను విశ్వసించునో అదియే వాక్యము సరసకు వచ్చి కూర్చున్నది. షేక్స్పియరును గూర్చిన విమర్శ నిన్నటిదైనను నూరేండ్లనాటిదైనను చదువరి ముందుగా వెదకునది ఆ మాట యున్న పుటను. ప్రయోగఫలము సంగతి అట్లు కాదు. అది యెన్నటిదో తెలియనిదే, తరువాతి ప్రయోగములు దానిని నిలిపినవో కూల్చినవో నిర్ణయింపరాదు. ఇక చరిత్రకారుని ఆకరములు శాసనములు, లేఖలు, దస్త్రములు. వీనిలో పెక్కింటికి రచయిత యనదగినవాడే యుండడు గనుక, వీనిని గూర్చి చెప్పవలసినది రెండు మాటల కుండలీకరణములో ఇమడదు.

సంవత్సరమును కుండలీకరణములలో నుంచు రీతికి మూలపురుషుడుగా హార్వర్డు విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లారెన్స్ మార్క్‌ను చెప్పుదురు. 1881లో ఆయన చిప్పలేని నత్త యొక్క అండాభివృద్ధిని గూర్చి ప్రకటించిన సుదీర్ఘ వ్యాసమున ఈ రీతి కనబడుచున్నది. హార్వర్డు పద్ధతి యను పేర దేశదేశముల విద్యార్థులను వేధించు ఈ రీతికి జన్మకారణము ఒక నత్త యనుట కొందరికైనను ఊరట కలిగింపవచ్చును. ఎ.పి.ఎ. వారి నియమావళి 1929లో ఒక పత్రికలో కొలది పుటల వ్యాసముగా మొదలై, 2019 నాటి ఏడవ కూర్పునకు 400 పుటలు దాటినది. నియమములకు సంతానవృద్ధి యెక్కువ. షికాగో విశ్వవిద్యాలయ ముద్రణాలయమువారు 1906లో వెలువరించిన నియమ గ్రంథమును విద్యార్థులకు అందునట్లు 1937లో ఒక చిన్న పుస్తకముగా కుదించినది, ఆ విశ్వవిద్యాలయమున సిద్ధాంత వ్యాసముల కార్యదర్శినిగా నుండిన కేట్ టురాబియన్. సిద్ధాంత వ్యాసము లెన్నియో ఆమె పరీక్షకు నిలిచి పట్టములు సంపాదించినవి. ఆమెకు మాత్రము కళాశాల పట్టము లేదు.

పుట యడుగున నుండు జ్ఞాపికకు గూడ ఒక కథ కలదు. 1776లో గిబ్బను తన రోము సామ్రాజ్య చరిత్ర ప్రథమ సంపుటమును ప్రకటించినపుడు జ్ఞాపికలన్నియు గ్రంథాంతమున చేర్పబడినవి. మాటిమాటికి చివరి పుటలు తిప్పుట దుర్భరమని తత్త్వవేత్త హ్యూము ప్రకాశకునకు లేఖ వ్రాసెను; తరువాతి ముద్రణములలో అవి పుటల యడుగునకు దిగివచ్చినవి.

మూలము చెప్పు నియమము పాశ్చాత్యుల సొత్తు మాత్రము కాదు. మెదకు సీమకు చెందిన కోలాచల మల్లినాథ సూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, ఆధారము లేనిది వ్రాయననియు అక్కరలేనిది పలుకననియు ప్రతిన పూనెను. పదమునకు అర్థము చెప్పిన వెంటనే అమరమనియో విశ్వమనియో నిఘంటువు పేరు తలచి ముగించునే గాని పుటసంఖ్య చెప్పడు. చెప్పుటకు వీలెక్కడిది? తాళపత్ర ప్రతులు ఒక్కొక్కటి ఒక్కొక్క కొలత. ఒకరి ప్రతిలో పదవ యాకు వేరొకరి ప్రతిలో పండ్రెండవది కావచ్చును. అమరకోశము కంఠస్థమైన చదువరికి పేరు చాలును. ఒకే తీరున వేలకొలది ప్రతులు వెలువరించు అచ్చు వచ్చిన తరువాతనే పుటసంఖ్య నమ్మదగిన గుర్తైనది. అంతర్జాల రచనలలో పుటలు మరల మాయమైనవి, అందువలననే ఎ.పి.ఎ. వారు అట్టి చోట పరిచ్ఛేద సంఖ్యను తెలుపుమనుచున్నారు, వ్యాసము స్థలము మారినను తాను మారని డి.ఓ.ఐ. సంఖ్యయు వాడుకలోనికి వచ్చినది.

తెలుగు గ్రంథములను ఉదాహరించువారికి మరొక చిక్కు కలదు. ఆకరముల పట్టికలో పాశ్చాత్యుని పేరును తలక్రిందులు చేసి, ఇంటిపేరు ముందుంచి, అక్షరక్రమమున వ్రాయుదురు. తెలుగువాని ఇంటిపేరు మొదటనే యున్నది. వాడుక భాషకై పోరాడినవానిని గ్రాంథికమున తలచుట అపరాధమేమో గాని, గిడుగు వేంకట రామమూర్తి అను పేరును త్రిప్పవలసిన పనియే లేదు. పట్టికను యంత్రమునకు అప్పగించినచో అది తుది పదమునే ఇంటిపేరుగా భ్రమించి ఆయనను గకారమునుండి రకారమునకు తరలించును. వెల్చేరు నారాయణరావు రచనలు ఇంగ్లీషు పట్టికలలో ఒకచోట 'నారాయణరావు' క్రిందను, మరొకచోట 'రావు' క్రిందను కనబడుటకు కారణమిదియే. ఏ రూపము నెన్నుకొన్నను వ్యాసాంతమువరకు దానినే నిలుపవలెను. ఎన్నుకొనుటకు ముందు గ్రంథాలయ సూచిక నొకపరి తిరుగవేసినచో, చదువరి ఏ యక్షరము క్రింద వెదకునో తెలియగలదు.