జారిపోయిన చెప్పు

మా యానాంలో గోదావరి గట్టు మీద ఒక సాయంత్రం నడుస్తున్నాను. వెనక నుంచి ఒక కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "తాతగారూ, మీ చెప్పు అక్కడే ఉండిపోయిందండి" అన్నాడు. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. పది పన్నెండు గజాలు కంకర మీద ఉత్త కాలితో నడిచాను. నాకు తెలియనే లేదు.

ఇది 2015 నాటి మాట. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. తాతగారూ అని పిలిపించుకునే వయసు కాదు గానీ, నా నడక అలా ఉండేది.

ఆ తర్వాత ఎవరు అడిగినా "సుగరండీ, కాళ్లు తిమ్మిర్లు" అని చెప్పుకొచ్చాను. మన సంఘం ఉగాది సంబరాల్లో అందరూ నిలబడి ఉంటే నేను కుర్చీ వేయించుకుని కూర్చున్నప్పుడూ అదే చెప్పాను. నాకు సుగరు లేదు, ఎన్నడూ లేదు. నా కాళ్లను తినేసింది తాగుడు. ఈ సంగతి నలుగురిలో చెప్పడం ఇదే మొదటిసారి.

నేను దర్జీని. కాలితో తొక్కే కుట్టుమిషను మీద పాతికేళ్లు బతికినవాణ్ణి. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. యానాం పాండిచ్చేరిలో భాగం కనుక మాకు ఆ నిషేధం లేదు. 1997లో అక్కడ సడలించే దాకా చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు మా ఊరి దారి పట్టేవారు. వచ్చిన చుట్టాలకూ స్నేహితులకూ తోడుగా కూర్చోవడంతో నాకు అలవాటయింది. నిషేధం పోయింది, చుట్టాలు రావడం తగ్గింది, అలవాటు మాత్రం నా దగ్గర మిగిలిపోయింది.

మొదట అరికాళ్లలో చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత రాత్రిళ్లు మంటలు. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక పాదాలు మంచం బయట పెట్టుకునేవాణ్ణి. మా ఆవిడ తడిగుడ్డ వేసేది. తలస్నానానికి కళ్లు మూసుకుంటే చాలు, తూలి గోడ పట్టుకునేవాణ్ణి. అయినా డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. చివరికి నన్ను పంపింది మిషను. మొదటి తొక్కుడు సరిగా పడకపోతే చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడి తెగుతుంది. పాతికేళ్లలో రాని ఆ తప్పు రోజుకు పదిసార్లు రావడం మొదలైంది. కిందకి చూస్తే తప్ప పాదం ఎక్కడుందో తెలిసేది కాదు. మోటారు బిగించుకున్నాను. దాని పెడలు మీద పాదం ఎంత నొక్కుతోందో తెలియక ఒక పెళ్లి జాకెట్టు చంక దగ్గర పాడుచేశాను. ఆ రాత్రి ఇంకా ఎక్కువ తాగాను.

కాకినాడలో డాక్టరుగారు మడమ వెనక చిన్న సుత్తితో కొట్టారు. పాదం కదల్లేదు. శ్రుతిదండం మోగించి బొటనవేలి మీద ఆనించి, "ఝుమ్మంటోందా?" అన్నారు. లేదన్నాను. చీలమండ దగ్గరా లేదు. మోకాలి దగ్గర మాత్రం కాస్త తెలిసింది. సుగరుకీ, బి12కీ రక్తం పరీక్ష చేయించారు. రెండూ బాగానే ఉన్నాయి. "మందు అలవాటుందా?" అని అడిగితే "ఎప్పుడైనా అండీ" అన్నాను. పక్కనున్న మా ఆవిడ, "మధ్యాహ్నం ఒక క్వార్టరు, రాత్రి రెండండీ. అన్నం మాత్రం ఎప్పుడైనా" అంది.

ఆయన విప్పి చెప్పిన సంగతి ఇది. నడుము దగ్గర మొదలై కాలివేళ్ల దాకా వెళ్లే నరం దాదాపు మీటరు పొడవు ఉంటుంది. శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలివే. అందుకే దెబ్బ ముందు వీటి కొసలకు తగులుతుంది. మద్యం స్వయంగా నరానికి విషం. పైగా తాగేవాడు తినడు. తిన్నా, అందులోని బి1 విటమిన్‌ను పేగులు సరిగా పీల్చుకోవు.

ఈ బి1 కథ మన ప్రాంతానికి కొత్త కాదు. మన ఉత్తర సర్కారుల తీరం ఒకప్పుడు బెరిబెరి జబ్బుకు పేరుమోసింది. ఆ జబ్బు గురించి మాల్కంసన్ అనే వైద్యుడు రాసిన గ్రంథం 1835లో మద్రాసులో అచ్చయింది. తవుడు తీసేసిన తెల్లబియ్యం మీదే బతకడం దానికి కారణమని తేలడానికి ఆ తర్వాత చాలాకాలం పట్టింది. 1890లలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు, పాలిష్ బియ్యం తిన్న కోళ్లకు కాళ్లు పడిపోవడం గమనించాడు. ఆయనకు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. 1936లో అమెరికాలో బి1 విటమిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన రాబర్ట్ విలియమ్స్ మన నెల్లూరులోనే పుట్టాడు! క్రైస్తవ మిషనరీల బిడ్డ. నాకు ఇంజెక్షను పొడిచినప్పుడల్లా ఆ నెల్లూరి బిడ్డను తలుచుకునేవాణ్ణి.

మానడం గురించి ఒక మాట. ఏటా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు మానేవాణ్ణి. ఇరుముడి దింపిన రాత్రే మళ్లీ మొదలు. ఆఖరి ఏడు మాల వేసుకున్న రెండో రోజుకే చేతులు వణికి, గోడ నిండా చీమలు కనిపించాయి. లేని చీమలు. భక్తి చాలలేదని అనుకున్నాను. రోజూ ఎక్కువగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు అని డాక్టరుగారు చెప్పాకే తెలిసింది. అందుకే నన్ను ఆస్పత్రిలో ఉంచి మాన్పించారు. గ్లూకోజ్ సీసా కంటే ముందు బి1 ఇచ్చారు. బి1 లేని ఒంటికి గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పట. ఇంట్లో గుట్టుగా మానాలనుకునే వాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. బెంగళూరు వాళ్లకు నిమ్‌హాన్స్ ఉంది. మద్రాసులో 1980లో శాంతి రంగనాథన్ గారు స్థాపించిన కేంద్రం ఉంది.

నరం మళ్లీ పెరిగితే రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు. నా టేపుతో కొలుచుకున్నాను. నెలకు అంగుళం పైచిలుకు. మోకాలి నుంచి వేళ్ల దాకా పద్దెనిమిది అంగుళాల పైనే. లెక్క తెలిశాక తొందర తగ్గింది.

ఎనిమిదో నెలలో మంటలు సగం తగ్గాయి. మాత్రలున్నాయిగా అన్న ధీమాతో ఒక పెళ్లిలో గ్లాసు పట్టుకున్నాను. మూడు వారాలు దించలేదు. మంటలు తిరిగి వచ్చాయి. "చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోస్తాం?" అన్నారు డాక్టరుగారు. కసరలేదు, మళ్లీ చేర్చుకున్నారు. ఎక్కువ మాత్రలు వేసుకుంటే త్వరగా తగ్గుతుందా అని అడిగితే, బి6 మోతాదు మించితే అదే నరాలను పాడుచేస్తుందని హెచ్చరించారు.

మా ఆవిడ గంజి వార్చడం మానేసి అత్తెసరు పెడుతోంది. వార్చిన గంజితో బి1 కూడా పోతుంది కదా. ఉలవలు, పెసలు, వేరుశనగపప్పు ఏదో రూపంలో రోజూ ఉంటాయి. రాత్రి పడుకోబోయే ముందు అద్దం పెట్టి అరికాళ్లు చూసుకుంటాను. ఒకసారి చెప్పులో గులకరాయి పొద్దంతా ఉండి పుండు చేసింది. స్నానం నీళ్లు మోచేతితో చూస్తాను, కాలితో కాదు.

పూర్తిగా తగ్గిందా అంటే లేదు. రెండో ఏట చీలమండ దగ్గర శ్రుతిదండం మళ్లీ ఝుమ్మంది. బొటనవేళ్లు మాత్రం మొద్దుగానే ఉండిపోయాయి, ఇక రావట. చీకట్లో నడవాలంటే టార్చి కావాలి. కానీ మోటారు తీసేశాను, మిషను తొక్కుతున్నాను. దారం తెగితే ఇప్పుడు తప్పు దారానిదే.

చెప్పులకు మాత్రం వెనక పట్టీలు నేనే కుట్టుకున్నాను.