లేజరు ముద్రణయంత్రము: వ్యయవిచారము

లేజరు ముద్రణయంత్రమును గొనువారు దాని వెలనే విచారించి, పిమ్మటి వ్యయమును మఱచుట తఱచు. అది యుక్తము గాదని చూపుటకే యీ వ్యాసము.

1938లోఁ జెస్టర్ కార్ల్‌సన్ విద్యుదాకర్షణముచేఁ బొడిని గాగితమునకుఁ జేర్చు విధమును గనిపెట్టెను. 1971లో జిరాక్సు సంస్థయందు గ్యారీ స్టార్క్‌వెదరు దానికి లేజరుకిరణమును జోడించెను. విద్యుత్తు నింపిన డ్రమ్ముపైఁ గిరణము పడిన చోట విద్యుత్తు మాఱును. ఆ చోటనే టోనరు నిలుచును. అది కాగితముపైకి దిగి, వేఁడిచేఁ గరఁగి యంటుకొనును. టోనరును సిరా యనుట పొరపాటు. అది సన్నని ప్లాస్టిక్కుపొడి.

ప్రకృతిప్రత్యయములు కూడినఁగాని పదార్థము తెలియనట్లు, యంత్రమూల్యమునకు టోనరుమూల్యము కూడినఁగాని నిజవ్యయము తెలియదు. టోనరు నిండిన కార్ట్రిడ్జి యొకటి 3,000 రూపాయలకు దొరకి 1,500 పుటలకు వచ్చె ననుకొందము. పుటకు 2 రూపాయలు. వేఱొకటి 5,000 రూపాయలదై 5,000 పుటలకు వచ్చినచోఁ బుటకు రూపాయి. మొదటిది చౌకగాఁ దోఁచినను, 10,000 పుటలు ముద్రించునప్పటికి 10,000 రూపాయ లధికమగును.

ఇందొక విశేషము గలదు. తయారీదారులు చెప్పు పుటలసంఖ్య, పుటలో నూటికి సుమారు 5 వంతులే నల్లనగు నను లెక్కపై నాధారపడినది. మూలమును వ్యాఖ్యయు దట్టముగాఁ గూర్చిన పుట యా పరిమితిని మించినచో సంఖ్య తగ్గును. యంత్రముతో వచ్చు మొదటి కార్ట్రిడ్జి పెక్కింటఁ గొఱఁతగానే నింపఁబడియుండును. కొన్నింట డ్రమ్ము వేఱుగాఁ గొనవలసియుండును. దాని వెలయుఁ గూడవలెను.

కావున పాఠశాలలవారును గ్రంథప్రకాశకులును ఏఁటికి ముద్రింపవలసిన పుటలను మొదట లెక్కించి, పిదప యంత్రము నెన్నుకొందురు గాక. లేనిచోఁ బుస్తకములకై కూర్చిన ధనము పొడియై పోవును.