జూకీ ఒక చదువుంది!

జూలో జంతువులకు మేత వేయడానికి పెద్ద చదువెందుకని మనలో చాలామంది అనుకుంటాం. కానీ ఏ జంతువు ఏం తింటుంది, దేనికి బెదురుతుంది, ఎప్పుడు ఈనుతుంది అని పరిశీలించే శాస్త్రం ఉంది. అదే జూ జీవశాస్త్రం. దీనికి ఆద్యుడు స్విట్జర్లాండు శాస్త్రవేత్త హైనీ హెడిగర్. మనిషి ఎంత దగ్గరికొస్తే జంతువు పారిపోతుందో ఆయన గమనించాడు. అంత దూరం జరగడానికి చోటు లేకపోతే బోనులో జంతువు బెదురుతూనే ఉంటుంది.

మూషిక జింకనే చూడండి. ఇది అరుదైపోవడంతో 2010లో హైదరాబాదు నెహ్రూ జూపార్కులో సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తల సాయంతో పెంచడం మొదలుపెట్టారు. 2017లో కొన్నిటిని నల్లమలలోని అమ్రాబాద్ అడవిలో వదిలారు.

ఈ దారిలో వెళ్లాలంటే ఇంటర్లో బైపిసి, తర్వాత బి.ఎస్సీ., ఆపైన ఎమ్మెస్సీ చదవాలి. డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ 1988లో వన్యప్రాణి శాస్త్రంలో రెండేళ్ల ఎమ్మెస్సీ మొదలుపెట్టింది. దానికి ప్రవేశపరీక్ష రాయాలి.

అడుగుజాడ చూసి జంతువు పేరు చెప్పే తాతలు మనకున్నారు. సగం పాఠం మన ఇంట్లోనే ఉంది. సైన్సుకి భయపడి వేరే గ్రూపులో చేరితే మిగతా సగం మనకి అందదు. నేనైతే బైపిసియే తీసుకుంటాను. పదో తరగతి అన్నలూ, అక్కలూ! మీరూ ఆలోచించండి.