పొదుగుకు నీరు పడితే కంగారొద్దు

తొలిచూలు పడ్డకు ఈనే ముందు పొదుగు బిగిసి, వాపు బొడ్డు దాకా పాకిందా? బొటనవేలితో నొక్కి చూడండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది నీరు. తాకితే వేడిగా ఉండి, పశువు తన్నుతూ, పాలలో విరుగులు కనిపిస్తే మాత్రం పొదుగువాపు వ్యాధి. దానికి వైద్యం వేరు. ఆలస్యం చేస్తే చన్ను పోతుంది.

నీరు చాలావరకు ఈనాక వారం పది రోజుల్లో దానంతటదే దిగుతుంది. మరీ ఎక్కువైతే పశువుల డాక్టరు ఫ్యూరోసిమైడ్ ఇంజక్షన్ ఇస్తారు. గుండెజబ్బు మనుషులకు కాళ్లవాపు తగ్గడానికి ఇచ్చేదీ ఇదే. ఈ మందు పని పొదుగులో కాదు, మూత్రపిండాల్లో. అవి వడగట్టిన ఉప్పును మళ్లీ రక్తంలోకి లాక్కుంటాయి. మందు దాన్ని అడ్డుకుంటుంది. ఉప్పు మూత్రంలో పోతుంటే నీరూ దాని వెంటే పోతుంది. రక్తంలో నీరు తగ్గేసరికి, పొదుగులో నిలిచినది మెల్లగా రక్తంలోకి దిగుతుంది.

చిక్కేమంటే పొటాషియం, కాల్షియం కూడా పోతాయి. అసలే ఈనిన పశువుకు కాల్షియం కొరత, పైగా పాలజ్వరం భయం! అందుకే ఈనాక 48 గంటలు దాటితే ఈ మందు కొనసాగించరు. షాపులో కొని సొంతంగా పొడిపించకండి. ఆఖరి ఇంజక్షన్ తర్వాత కనీసం 48 గంటలు, అంటే నాలుగు పూటల పాలు కేంద్రానికి పోయరాదు.

నీరు పట్టిందని కొందరు కుడితి తగ్గిస్తారు. అది తప్పు, తాగినంత పెట్టండి. తగ్గించాల్సింది చూడి ఆఖరి రోజుల్లో దాణాలో వేసే ఉప్పు. ఈనాక తరచుగా పాలు తీయండి, పొదుగును కింది నుంచి పైకి మెల్లగా నిమరండి, పశువును కాస్త నడిపించండి.